రీసెట్ కొట్టమన్నది బావగారే

డబ్లిన్, కాలిఫోర్నియా
అక్టోబరు 14

చి.ల.సౌ. కృష్ణకుమారికి,

నీ భర్త వీరభద్రం ఆశీస్సులు. ఇక్కడ నేను, అమ్మాయి గిరిజ, అల్లుడు దివాకర్, మనవరాలు నైనిక కులాసా. అక్కడ రెడ్‌మండ్‌లో నువ్వు, అబ్బాయి, కోడలు, చంటిది కులాసా అని నీ ఉత్తరం వల్ల తెలిసింది. కులాసాగా లేనిది మన వియ్యంకుడు లక్ష్మీపతి బావగారు ఒక్కరే. పదకొండు రోజులుగా ఆయనకు అన్నం సయించడం లేదట. ఆ కబురు తెలిసినప్పటి నుంచి నాకు బాగా సయిస్తోంది. ఈ ఉత్తరం ఆయన గురించే.

ఫోన్లో చెప్పకూడదా అంటావు. నువ్వు ఫోన్ ఎత్తగానే కోడలు దాన్ని స్పీకర్ మీద పెట్టి వంటగట్టు మీద నిలబెడుతుంది. నేను చెప్పింది కోడలు వింటుంది, అబ్బాయి వింటాడు, అబ్బాయి నుంచి గిరిజకి, గిరిజ నుంచి అల్లుడికి, అల్లుడి నుంచి సన్నీవేల్‌లో ఉన్న వాళ్ళ నాన్నగారికి సాయంత్రంలోపు చేరిపోతుంది. అందుకని కాగితం. చదివాక నీ మందుల డబ్బా అడుగున పెట్టు. అక్కడ ఎవరూ వెతకరు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మోకాలు ఫర్వాలేదు, మెట్లు దిగేటప్పుడే గుర్తు చేస్తోంది. కరివేపాకు కుండీని రాత్రిళ్ళు లోపల పెడుతున్నాను, నాలుగు కొత్త రెమ్మలు వేసింది. పాటల సంగతి ఎత్తితే మాట ఎందుకు దాటేస్తున్నారు అన్నది నీ మూడో ప్రశ్న. డబ్బా పాడైతే పాడైందని చెప్పండి, ఏలూరులో మా చెల్లెలి అటక మీద అసలు క్యాసెట్లు ఉన్నాయిగా, దింపించి పంపమంటాను అన్నది నాలుగోది. మూడోదానికి జవాబు ఈ ఉత్తరమంతా. నాలుగోది చివర్లో చెబుతాను. వీక్లీ చేతికొస్తే సీరియల్ ఆఖరి పేరా ముందు చదివేసే అలవాటు నీది, ఈ ఒక్కసారికి ఆ పని చెయ్యకు. ఈలోగా ఏలూరుకి మాత్రం ఫోన్ చెయ్యకు.

హాల్లో కోట్లు తగిలించే అలమరలో, ఇంటర్నెట్ పెట్టె పక్కన, పచ్చ దీపాలతో గుయ్యిమంటూ ఉండే డబ్బా నీకు తెలుసు. అల్లుడు దాన్ని నాస్ అంటాడు. లోపల రెండు డిస్కులు. ఒకదాంట్లో ఏది రాస్తే రెండోదాంట్లోనూ అదే రాసుకుంటుంది, ఒకటి చచ్చినా రెండోది బతుకుతుందని. ఇంట్లో అందరి ఫొటోలూ అందులోనే ఉన్నాయిగానీ, నాకు మాత్రం అది నీ డబ్బా. అరవై ఒక్క క్యాసెట్లు, ఇరవై నాలుగేళ్ళ పాటు నేను రికార్డు చేసిన నీ గొంతు. ఒక చలికాలమంతా కూర్చుని ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కించాను. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత నీ గొంతు ఎలా అయిందో నేను రాయనక్కర్లేదు. పాపని ఉయ్యాల్లో వేసేటప్పుడు నేను పాడలేను, నా పాటైనా ఉండాలని నువ్వు రాసిన వాక్యం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

మొన్న వేసవిలో బావగారు మన దగ్గర రెండు నెలలున్నారుగా. నువ్వు రెడ్‌మండ్ వెళ్ళిన వారానికి ఆయన ఎక్కడో వ్యాసం చదివారు. దొంగలు ఇంటర్నెట్ దారిన వచ్చి మన ఫైళ్ళకు తాళం వేసి డబ్బులడుగుతారని. ఇక నన్ను నిలవనివ్వలేదు.

"బావగారూ, మీ డబ్బా తలుపులు బార్లా తెరిచి ఉంది."

"పాస్‌వర్డ్ ఉంది బావగారూ."

"గిరిజ పేరు, పుట్టిన సంవత్సరం. అదీ ఒక పాస్‌వర్డేనా. నూట ముప్పై రెండు కేవీ సబ్‌స్టేషన్లకు సెక్యూరిటీ చూసినవాణ్ణి నేను. నాకు వదిలెయ్యండి."

వియ్యంకుడు. కాదనడానికి లేదు. పిల్లనిచ్చిన చోట నోరు ఎంతవరకు తెరవాలో పదమూడేళ్ళుగా నాకు బాగా అలవాటైంది. పెళ్ళిలో ఆయన తన ఆఫీసర్లకు నన్ను ఎలా పరిచయం చేశారో నీకు గుర్తుందా? "మా వియ్యంకుడు. తాడేపల్లిగూడెంలో రేడియోలు బాగుచేస్తారు. స్కూలు మానేసినా చెయ్యి మంచిది." వాళ్ళు నా చెయ్యి వంక చూశారు, గుర్రం పళ్ళు చూసినట్టు. ఆ రోజు నేను నవ్వాను. ఆ నవ్వు ఇంకా దవడలో నొప్పిగా ఉంది.

సరే, ఆయన ఒక మధ్యాహ్నం కూర్చుని నా అకౌంటు మూసేసి, తనొక్కడినే యజమానిగా పెట్టుకుని, ఇరవై అక్షరాల పాస్‌వర్డ్ తగిలించి, కాఫీ తాగి, మర్నాడు చిన్నకొడుకు దగ్గరకి సన్నీవేల్ వెళ్ళిపోయారు. నువ్వు పాట పంపమని రాసినప్పుడు నేను వెళ్ళి కూర్చుంటే తలుపు తెరుచుకోలేదు. ఫోన్ చేశాను.

"పాస్‌వర్డా. ఉంది, ఉంది. మనసులో ఉంది."

"చెప్పండి, రాసుకుంటాను."

"ఇప్పుడు రాదు బావగారూ. తొందరపెడితే అసలు రాదు."

మూడు వారాలు తొందరపెట్టకుండా ఉన్నాను. రెండు రోజులకొకసారి ఆయనే ఫోన్ చేసి, ఈసారి ఇది కొట్టండి అని ఒకటి చెప్పేవారు. మొదట వాళ్ళ ఇలవేల్పు, తర్వాత ఆయన చివరి స్కూటరు నంబరు, ఆ తర్వాత ఉషావదినగారి పుట్టినూరు. ఏదీ కాదు. తప్పు మీద తప్పు పడేసరికి డబ్బా అలిగి మన కంప్యూటర్నే రానివ్వడం మానేసింది. అల్లుణ్ణి అడిగితే "ఈ వీకెండ్ చూద్దాం మావయ్యగారూ" అన్నాడు. అలాంటి వీకెండ్లు నాలుగు అయ్యాయి. తప్పు అతనిది కాదు. వాళ్ళ ఆఫీసులో లేఆఫ్ లిస్టు ఏ శుక్రవారం వస్తుందో తెలియక దివాకర్ అన్నం ముందు కూర్చుని ఫోన్ తింటున్నాడు. అదీగాక తండ్రి వేసిన తాళం కొడుకు పగలగొడితే బాగుంటుందా.

చివరికి బావగారు ఒక సలహా ఇచ్చారు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

"ఇంత చిన్నదానికి ఇంత గొడవెందుకు. రీసెట్ కొట్టండి. వెనక చిన్న చిల్లు ఉంటుంది, అందులో పిన్ను పెట్టి బీప్ బీప్ మని అరిచేదాకా నొక్కిపట్టండి. అది ఏమడిగినా ఓకే, ఓకే అనుకుంటూ వెళ్ళండి. పాస్‌వర్డ్ తప్ప ఏం పోదు."

"కుమారి పాటలున్నాయి లోపల."

"మీకు రేడియోలు తెలుసు. ఇది కంప్యూటర్. భయపడకండి బావగారూ."

కుమారీ, ఆ డబ్బా చేసినవాళ్ళ పుస్తకం నూట ఎనభై పేజీలు. మూడుసార్లు చదివాను, తెలియని మాటలు నైనిక స్కూలు డిక్షనరీలో చూసుకుంటూ. రీసెట్ అనేది ఒకటి కాదు. పిన్ను పెట్టి నాలుగు సెకన్లు నొక్కి, ఒక్క బీప్ వినగానే వదిలేస్తే పాస్‌వర్డ్ ఒక్కటే పోతుంది, ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి. బావగారు చెప్పినట్టు పదేపదే బీప్‌లు వినేదాకా నొక్కి, ఆ తర్వాత అడిగినవాటన్నిటికీ ఓకే అంటే, ఒకచోట డిస్కులు చెరిపెయ్యమంటావా అని కూడా అడుగుతుంది. దానికీ ఓకే అంటే ఇరవై నాలుగేళ్ళ నీ గొంతు ఉఫ్. అది చదివిన మధ్యాహ్నం పుస్తకం మూసి పెరట్లోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను. ఆయన మీద ఏదో ఒకటి చెయ్యాలని అక్కడే నిశ్చయించుకున్నాను. ఏం చెయ్యాలో మాత్రం అప్పటికి తోచలేదు.

నా షాపు గోడ మీద "విప్పి తెచ్చిన సెట్లు పుచ్చుకోబడవు" అని బోర్డుండేది, గుర్తుందా. హెడ్మాస్టరుగారు ఒకాయన తన రేడియో తానే విప్పుకుని, మిగిలిపోయిన మూడు స్క్రూలు రుమాల్లో మూటకట్టి తెచ్చారు. "ఇవి లేకుండానే పాడుతోందయ్యా, ఎందుకు పెట్టారంటావు?" అన్నారు. నేను బోర్డు చూపించాను. ఆయన బోర్డులో ఒక అక్షర దోషం దిద్ది వెళ్ళిపోయారు. నలభై ఏళ్ళ షాపులో నేను నేర్చుకున్నది ఒకటే. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు గుర్తులు పెట్టాలి. ఏ తీగ ఎక్కడిదో, ఏ వాల్వు ఏ గుంటలోదో. గుర్తు పెట్టకుండా విప్పినవాడు దేవుడైనా నమ్మను.

దసరా మర్నాడు, పొద్దున్న తొమ్మిదింటికి ఇల్లు ఖాళీ అయింది. డబ్బాని మర్యాదగా పడుకోబెట్టి డిస్కులు రెండూ బయటకు తీశాను. కొత్త డిస్కు ఒకటి తెప్పించి ఉంచాను. ఒక డిస్కులో ఉన్నదంతా ఇంకోదానిలోకి దించే తొట్టి ఉంటుంది, రెండు గుంటలు, ఒక మీట. తొట్టికి తెలివి లేదు. ఎడమ గుంటలో ఏది పెడితే అది కుడిదానిలోకి వెళ్ళిపోతుంది. ఖాళీ డిస్కుని ఎడమవైపు పెట్టానో, ఆ ఖాళీ అంతా వెళ్ళి నీ పాటల మీద పరుచుకుంటుంది. మూడు డిస్కులూ ఒకే రంగు, ఒకే ఎత్తు. పూజగదిలోకి వెళ్ళి కుంకుమ, పసుపు తెచ్చాను. మొదటిదానికి కుంకుమ బొట్టు, రెండోదానికి పసుపు బొట్టు, ఖాళీదానికి ఏదీ లేదు. బొట్టున్నది ఎడమకు, లేనిది కుడికి. మీట మీద వేలు పెట్టాక మూడుసార్లు తీసి మళ్ళీ చూసుకున్నాను. షాపులో నాకు ఒక్కసారి చూస్తే చాలేది. ఇక్కడ మూడుసార్లు ఎందుకో కూడా చివర్లోనే.

నకలు పూర్తయ్యేసరికి సాయంత్రం అయింది. గిరిజ ఆఫీసు నుంచి వచ్చి బల్ల మీద చూసింది.

"నాన్నా, హార్డ్ డిస్కులకి బొట్లు పెట్టావేంటి?"

"ఆయుధపూజ."

"దసరా నిన్న అయిపోయింది కదా."

"ఇక్కడ పన్నెండున్నర గంటలు ఆలస్యం."

నకలు డిస్కుని నా స్వెట్టర్లో చుట్టి బీరువాలో పెట్టి, బొట్టు డిస్కుల్ని ఎవరి గుంటలో వాళ్ళని కూర్చోబెట్టి, డబ్బాకి కరెంటిచ్చి, పిన్ను పెట్టి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. బీప్. వదిలేశాను. అంతే. పాస్‌వర్డ్ గడిలో ఏమీ రాయకుండా వెళితే తలుపు తెరుచుకుంది.

నీ ఫోల్డరు తెరిచి చేతికందిన పాట పెట్టాను. మీ అమ్మగారి జోలపాట. రెండో చరణం మధ్యలో కుక్కరు కూస్తుంది. నువ్వు పాట ఆపి "ఏవండీ, కాస్త స్టవ్ కట్టెయ్యండి" అంటావు, నేను "రికార్డవుతోందే" అంటాను, నువ్వు "అయితే అవనీ, పప్పు మాడుతుంది" అని, మళ్ళీ పట్టుకున్న చోట పట్టుకుని పాడతావు, శ్రుతి వెంట్రుకవాసి తప్పకుండా. గిరిజ సంచీ భుజాన ఉంచుకునే నిలబడి మొత్తం విన్నది. మీ అమ్మకి నేనే చెబుతాను, అందాకా ఎవరికీ చెప్పకని దాని దగ్గర మాట తీసుకున్నాను.

ఇంతవరకు మంచి మనిషి కథ. ఇక్కడి నుంచి నీ మొగుడి కథ.

కొత్త తాళం వేసుకుని యజమానిగా లోపల తిరుగుతుంటే, బావగారి పేరున ఒక ఫోల్డరు కనబడింది. అందులో ఒకటే ఫైలు. "వెలుగుబాట: ఒక ఇంజనీరు ఆత్మకథ". నాలుగు వందల పన్నెండు పేజీలు. ఒక్క వేలితో రెండేళ్ళు కొట్టారట. తన తాళం మీద అంత నమ్మకం, ఇంకెక్కడా నకలు పెట్టుకోలేదు. అది చూడగానే పెరట్లో తోచనిది తోచింది. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాను.

"కొట్టాను బావగారూ. మీరు చెప్పినట్టే, బీప్ బీప్ మనేదాకా."

"చూశారా. వచ్చిందా?"

"వచ్చింది. అన్నిటికీ ఓకే అన్నాను. అంతా కొత్తగా వచ్చింది."

"నేను చెప్పలా."

"లోపల ఏమీ లేదు. గృహప్రవేశం నాటి ఇల్లులా ఉంది."

అవతల ఆయన కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.

"ఏమీ లేదంటే? నా పుస్తకం?"

"పుస్తకమా. అందులో మీ పుస్తకం కూడా ఉందా బావగారూ?"

మెల్లగా అన్నారు. "అబ్బాయికి చెప్పకండి. నేను కొట్టమన్నానని." చెప్పనని మాటిచ్చాను. మాట నిలబెట్టుకుంటున్నాను.

ఫోన్ పెట్టేశాక మొదట ఆనందంగా ఉంది. తర్వాత మంట పుట్టింది. పుస్తకం గురించి అడిగాడు గానీ, నీ పాటల గురించి ఒక్క ముక్క అడగలేదు. చెల్లెమ్మ చెల్లెమ్మ అంటూ నీ చేత హారతి పాటలు పాడించుకున్న మనిషి. అప్పుడు పంతం పట్టాను. చెల్లెమ్మగారి పాటలు కూడా పోయాయా అని ఈయన నోటంట వచ్చిన రోజున పుస్తకం తిరిగిస్తాను, అంతదాకా ఇవ్వను అని. ఒక్కొక్క రోజూ లెక్కపెడుతూ వచ్చాను.

ఈలోగా ఆత్మకథ చదివాను. తప్పే. నా గురించి ఏం రాశాడో చూద్దామని. ట్రాన్స్‌ఫార్మర్లకు రెండు అధ్యాయాలున్నాయి, ఒక చీఫ్ ఇంజనీరు కుక్కకి మూడు పేజీలున్నాయి. మన గిరిజ పెళ్ళికి రెండు వాక్యాలు. "పెద్దవాడి వివాహం విజయవాడలో జరిగినది. భోజనములు ఫర్వాలేదు." నువ్వు నాలుగు రోజులు నిద్ర మానేసి వంటవాళ్ళ వెంట తిరిగిన భోజనాలు. ఆ వాక్యం దిద్దెయ్యాలని వేళ్ళు లాగాయి. ఫైలు నా చేతిలోనే ఉంది, ఎవరికీ తెలియదు. కానీ ఒకరి సెట్లో నా పార్టు వేసి పంపడం నా షాపులో ఏనాడూ లేదు. చదివి మూసేశాను. ఒక్క అక్షరం పోలేదు, ఒక్క అక్షరం చేరలేదు.

మొన్న ఆదివారం గిరిజ సన్నీవేల్ తీసుకెళ్ళింది. ఉషావదినగారు తలుపు తీస్తూనే "మీ బావగారికి ఏమైందో అన్నయ్యగారూ, పెరుగన్నం కూడా కెలికి వదిలేస్తున్నారు" అన్నారు. నేను విచారం నటించి ఆవిడ పెట్టిన మైసూరుపాకు తిన్నాను. బావగారు బాల్కనీలో గీతల నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మళ్ళీ మొదటి నుంచి రాస్తున్నారట, చేత్తో.

"ఎంతవరకొచ్చింది బావగారూ?"

"నాలుగో పేజీ. పుట్టిన ఊరు వచ్చింది. మా నాన్నగారు పోయిన రోజు దగ్గర ఆగిపోయాను. అప్పుడు ఏదో మాట రాశాను, మంచి మాట. ఇప్పుడది రావట్లేదు."

ఆ మాట నాకు తెలుసు. పదకొండో పేజీలో ఉంది. నేను ఇంకో మైసూరుపాకు తీసుకున్నాను.

ఆయన రోడ్డు మీద పోయే సైకిళ్ళు చూస్తూ అన్నారు. "మీకేం బావగారూ. చెల్లెమ్మగారి పాటలు ఇక్కడ పోయినా ఏలూరులో క్యాసెట్లున్నాయి. మొదట నాకు తట్టింది అదే, పోన్లే ఆవిడవి భద్రంగా ఉన్నాయి అని. నాకే ఏలూరు లేదు."

తీసుకున్న మైసూరుపాకు మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాను.

కుమారీ, ఇక నీ నాలుగో ప్రశ్న. ఏలూరులో క్యాసెట్లు లేవు. మనం ఇక్కడికి వచ్చేసే ముందు ఒకసారి నేనొక్కణ్ణే మీ చెల్లెలింటికి వెళ్ళాను చూడు, అప్పుడే చూశాను. అటక కారి పెట్టెలోకి నీళ్ళు దిగాయి. క్యాసెట్లన్నీ తెల్లటి బూజు పట్టి, టేపులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. విప్పి, కడిగి, ఆరబెట్టి రెండు రోజులు చూశాను. ఒక్కటీ పలకలేదు. మున్సిపాలిటీ బండిలో వేసి వచ్చాను. ఎలాగూ డబ్బాలోకి ఎక్కించాం కదా, నీకెందుకు బెంగ అని, మీ చెల్లెలి చేత ఒట్టు వేయించుకుని, భద్రంగా ఉన్నాయని నీకు చెప్పాను. ఆపరేషన్ తర్వాత నువ్వు డబ్బా కేసి చూసినప్పుడల్లా ఆ అబద్ధం ఇంకోసారి చెప్పాను. మన భోజనాల బల్ల దగ్గర, బావగారు పక్కనుండగా కూడా చెప్పాను. తొట్టి మీట మీద నుంచి మూడుసార్లు వేలు తీసింది అందుకే. ఈ ప్రపంచంలో నీ పాట ఆ రెండు బొట్టు డిస్కుల్లో తప్ప ఇంకెక్కడా లేదని ఈ ఇంట్లో నాకొక్కడికే తెలుసు.

కాబట్టి ఆయన నీ పాటలు మర్చిపోలేదు. నా మాట నమ్మాడు. పది రోజులు నేను కూడగట్టుకున్న కోపానికి కట్టెలు నేనే అందించాను. నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

అయినా నిజం రాస్తున్నాను, నా కసి తీరలేదు. పెళ్ళిలో చూపించుకున్న చెయ్యి ఉంది. నాలుగు సెకన్లకీ, చెరిపెయ్యడానికీ తేడా తెలియకుండా ఆయన ఇచ్చిన సలహా ఉంది. నేను రేడియో వాణ్ణి కాకుండా ఆయన మాట వినే ఇంజనీరునై ఉంటే నీ గొంతు ఈపాటికి ఎక్కడుండేది? భోజనములు ఫర్వాలేదట. బారసాల దాకా, ఇంకో పన్నెండు రోజులు, ఆయన ఆ నాలుగో పేజీ దగ్గరే కూర్చుంటే నాకు బాగానే ఉంటుంది.

దీంతో పాటు పెన్ డ్రైవ్ పంపుతున్నాను. అరవై ఒక్క క్యాసెట్లూ అందులో ఉన్నాయి. ఇంకో నకలు బీరువాలో ఉంది, స్వెట్టర్ విప్పకు. బారసాలకి ఏ పాటో నువ్వే ఎంచు.

బావగారి సంగతి కూడా నువ్వే తేల్చాలి. పోబోయింది నీ గొంతు, నా సొత్తు కాదు. ఉత్తరం అందాక ఫోన్లో ఏమీ అనకు, అందరూ వింటారు. నీ గొంతు నొప్పికి రోజుకి నువ్వు నాతో మాట్లాడేవే రెండు మాటలు, అందులో ఒకటి "బీపీ మాత్ర వేసుకున్నారా" అని. ఆ మాట అడిగావంటే ఇచ్చెయ్యమని అర్థం. ఆ సాయంత్రమే సన్నీవేల్ వెళ్ళి పుస్తకం ఆయన చేతిలో పెట్టి, క్యాసెట్ల సంగతి, నేనాడిన అబద్ధం ఒప్పేసుకుంటాను. అడగలేదంటే బారసాల దాకా ఆగమని అర్థం.

పదకొండేళ్ళలో నువ్వు అది అడగని రోజు లేదు. అందుకే ముందే చెబుతున్నాను, అలవాటుకొద్దీ అడిగితే నేను లెక్కలోకి తీసుకోను. భోజనాల వాక్యం ఇంకొకసారి చదువుకుని, ఆలోచించి అడుగు.

ఇట్లు,
మాత్ర వేసుకునే రాస్తున్న
నీ భర్త
వీరభద్రం